డెల్ఫిన్ వైపు నేల

ఫోర్ట్ కెంట్, మెయిన్ రాష్ట్రం
అక్టోబరు 9, 1996

గాస్టన్‌కి,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. మనిషి లేని సమయం చూసుకుని ఒకరి ఇంటి కింద దూరి పని చేసి వెళ్ళినవాడికి నిద్ర కూడా బాగానే పట్టాలి.

హెర్నియా ఆపరేషన్ అయింది. నిన్న ఆసుపత్రి నుంచి ఎదురింటి ఫిలోమెన్ తన కారులో తీసుకొచ్చింది. దారిలోనే శుభవార్త చెప్పింది. "మీ బావమరిది వచ్చాడండీ! వారమంతా మీ ఇంటి కింద వెల్లకిలా పడుకుని, చలి ఆపడానికి నేల కింద కూరిన ఇన్సులేషన్ దూది కుళ్ళిపోతే అదంతా పీకేసి కొత్తది వేశాడు. ఎంత మంచి మనిషండీ!" ఆవిడకి నీతో పరిచయం లేదు కనుక క్షమించాను.

నేను అడిగానా? ఒక్క ముక్క రాసి ఉంటే వద్దని రాసేవాణ్ణి. అందుకే రాయలేదు. మీ అక్క డెల్ఫిన్ ఉన్నప్పుడూ ఇంతే. కనెక్టికట్ నుంచి చెప్పాపెట్టకుండా కారు వేసుకొచ్చి, డాక్టర్లకి కట్టిన ఇళ్ళ ఫోటోలు మా వంటింటి బల్ల మీద పేర్చేవాడివి. ఆవిడ ఒక్కొక్కటే చూసి "బాగుందిరా" అనేది. నువ్వు మా ఇంటి పైకప్పు వంక చూసి నిట్టూర్చేవాడివి.

అసలు ఆ కింద పాడు చేసిందెవరు? 1979లో వంటింటి పైపు బాగుచేస్తానని, చక్రాల మీద వచ్చి దిమ్మెల మీద నిలిచిన ఈ ఇంటి అడుగున, ఆ దూది జారకుండా కట్టిన నల్ల పట్టా కోసింది నువ్వు. కోసినవాడివి కుట్టలేదు. ఆ చిరుగులోంచి ఎలుకలు, తేమ, కంపు చిమ్మే ఆ స్కంక్ జంతువులు. దూది తడిసి, పట్టా పాలు పిండని ఆవు పొదుగులా వేలాడింది. ఆ చలి ఇన్నేళ్ళూ మీ అక్క పాదాల్లోకి ఎక్కింది. ఇప్పుడొచ్చి నీ తప్పు నువ్వే దిద్దుకుని, నాకేదో దానం చేసినట్టు వెళ్ళిపోయావు.

రెండేళ్ళ క్రితం ఆవిణ్ణి పాతిపెట్టిన రోజు, చర్చి హాల్లో హ్యామ్ శాండ్‌విచ్ నములుతూ నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. "మా అక్క బతుకంతా రేకు డబ్బాలో గడిచిపోయింది." నా వీపు నీ వైపు ఉంది. చెవులు కూడా వీపు వైపే ఉన్నాయి.

నీ బావ,
అంబ్రోజ్

తా.క. నా టార్చిలైటు కనబడటం లేదు. తీసుకెళ్ళావా?


బ్రిస్టల్, కనెక్టికట్
అక్టోబరు 17

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. థాంక్స్ అనే మాట ఏ మూలైనా ఇరుక్కుని ఉందేమోనని. లేదు. సరే.

అడిగితే వద్దంటారని అడగలేదు. నిజమే. మీరు వద్దనకుండా ఒప్పుకున్న పని ఒక్కటుంటే చెప్పండి.

ఆ కింద ఏముందో మీకు తెలియదు. మీరు పైన కూర్చుని రోమన్ల చరిత్ర చదువుకున్నారు. కింద స్కంక్ ఒకటి పిల్లాజెల్లాతో కాపురం పెట్టింది. తడిసిన దూది ఒక్కో కట్ట లాగుతుంటే నెత్తిన కుమ్మరించుకున్నట్టు పడింది. ఒళ్ళంతా దురద. మూడు రోజులు మోటెల్ వాడు నన్ను భోజనాల గదిలోకి రానివ్వలేదు.

నేను చేసింది వినండి. వేడిగాలి గొట్టం అతుకులన్నీ వదులైపోయి, మీరు డబ్బు పెట్టి కాల్చిన నూనె వేడంతా నేల కిందకే పోతోంది. టేపు వేసి మూసేశాను. కొత్త ఇన్సులేషన్ నేల పలకకి ఆనించి గట్టిగా బిగించాను. వేలు దూరే సందు లేదు. డాక్టర్ల ఇళ్ళకి ఎలా చేస్తానో అచ్చం అలాగే. ఇళ్ళు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసినా టోపీ తీస్తాడు.

ఇంకో మాట. మీకు డెబ్భై ఆరు. ఆ మంచులో ఒంటరిగా ఎన్నాళ్ళు? మా ఇంట్లో గది ఖాళీగా ఉంది. నా మొహం చూడటం ఇష్టం లేకపోతే మీ ఊళ్ళోనే పెద్దవాళ్ళని చూసుకునే ఇల్లుంది, కొత్తగా కట్టారు, మంచి పనితనం. ఆలోచించండి.

టార్చిలైటు నేను తీసుకురాలేదు. నాకు మూడున్నాయి.

గాస్టన్


ఫోర్ట్ కెంట్
నవంబరు 5

గాస్టన్‌కి,

ఆలోచించాను. నువ్వు కూడా ముందే ఆలోచించావని ఇప్పుడర్థమైంది.

శనివారం చలి ముదిరింది. ఆదివారం పొద్దున కాఫీకి కుళాయి తిప్పితే దగ్గినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంది. వంటింట్లో లేదు, స్నానాల గదిలో లేదు. ఇరవై ఏడు చలికాలాలు ఈ ఇంట్లో గడిపాను. పట్టా చిరిగి, దూది వేలాడి, స్కంకులు పిల్లల్ని కన్న రోజుల్లో కూడా పైపు ఒక్కసారి గడ్డకట్టలేదు. నీ పనితనానికి కట్టింది.

డాక్టరు నన్ను వంగనివ్వడు. ఇంటి అడుగు చుట్టూ మూసిన రేకుల్లో ఒకటి విప్పించి, ఫిలోమెన్‌ని తొంగిచూడమన్నాను.

"ఏం కనబడుతోంది?"

"పట్టా అంచు తప్పించి చూస్తే పైపులండీ."

"పైపులెలా కనబడతాయి? ఎక్కడున్నాయి?"

"దూది కింద, పట్టా మీద. ఉత్త గాల్లోనే ఉన్నాయండీ. పట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేలా ఉన్నాయి."

కోపం కూడా రాలేదు, నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. ఒరేయ్, ఇలాంటి ఇంట్లో నీళ్ళ పైపులు నేల పలక కింద, ఇన్సులేషన్ పైన పడుకుంటాయి. పైన వేడి నేల, కింద దూది, మధ్యలో పైపులు, పక్కనే వేడిగాలి గొట్టం. ఆ గొట్టం అతుకుల్లోంచి కారే వేడే వాటిని ఇన్నేళ్ళూ బతికించింది. రోమన్లు స్నానశాలల నేల కింద వేడిగాలి నడిపారని నేను చదువుతున్నప్పుడు నువ్వు నవ్వేవాడివి. నువ్వు దూదిని పైకి తోసి, పైపుల్ని బయట పడేసి, అతుకులు కూడా మూసేసి వచ్చావు. మనిషికి కోటు తొడిగి, కాళ్ళు మాత్రం మంచులో పెట్టి వచ్చావు.

ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నవాడు ఇది పొరపాటున చేశాడంటే నమ్మమంటావా? నిన్న టపాలో ఏమొచ్చిందనుకున్నావు? నువ్వు పొగిడిన ఆ పెద్దవాళ్ళ ఇంటి రంగు కాగితాలు. నా పేరు అచ్చుతప్పు లేకుండా రాసి ఉంది. ముందు నీళ్ళు ఆపడం, వెనకే కాగితాలు పంపడం. వరస బాగుంది.

స్థలం యజమానురాలు థెరియో పొద్దున గుమ్మంలోకి వచ్చింది. "థాంక్స్‌గివింగ్ పండగలోపు నీళ్ళు రాకపోతే ఈ ఇల్లు తాళం వేయాల్సిందే, అంబ్రోజ్. పోయినేడు చివరింట్లో పైపు పగిలి వరసంతా గడ్డకట్టింది. నీళ్ళు లేని ఇంట్లో నిన్నుంచితే ఊరంతా నన్ను తింటారు. నాకేం సరదానా?"

"సరదా లేనిదానివి అంత పొద్దున్నే ఎందుకొచ్చావు?" అన్నాను.

ఈ ఊళ్ళో మనుషులంతా దుంపలు లారీలకెక్కించడంలో, వేటల్లో ఉన్నారు. కింద దూరేవాడు దొరకడు. దొరికే లోపు నేను దొరకను. నువ్వు కోరుకున్నదీ అదేగా.

అంబ్రోజ్


బ్రిస్టల్
నవంబరు 9

బావా,

కాగితాలు నేను పంపలేదు. ఆసుపత్రి నుంచి ఒంటరిగా ఇంటికెళ్ళే ప్రతి ముసలివాడికీ పంపుతారు. పక్కింటి వాళ్ళని అడగండి. కానీ ఈ ఉత్తరం చదివాక నేనే ఇంకో కట్ట పంపాలనిపిస్తోంది.

పైపుల సంగతి. అది ఇల్లైతే నా పని సరైనదే. చక్రాల మీద లాక్కొచ్చి దించినదాన్ని ఇల్లనుకోవడం నా పొరపాటు. ఇకముందు అనుకోను.

కావాలని చేశానంటారా? కావాలని చేసేవాణ్ణైతే స్కంకులతో వారం కాపురం చెయ్యాల్సిన పనేముంది? రాత్రి వచ్చి పైపు కోసి పోయేవాణ్ణి.

ఇంకొకటి, ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను, ఇక మూసుకోను. ప్రతి క్రిస్మస్‌కీ, ప్రతి ఫోన్లోనూ, అక్క శవపేటిక పక్కన కూడా "నువ్వు కోసిన పట్టా, నువ్వు కోసిన పట్టా" అన్నారు. మా ఆవిడ ముందు, పిల్లల ముందు అన్నారు. నేను కోసింది వంటింటి కింద, జానెడు. కోశాక టేపు వేశాను. ఈసారి చూశాను, నా టేపు అలాగే ఉంది, ఊడలేదు! మీ పెద్ద చిరుగు నాది కాదు. అది ఇంటి రెండో చివర, మీ పడకగది కింద ఉంది. అక్కడ నీళ్ళ పైపు కూడా లేదు, నాకక్కడ పనేముంటుంది?

చిరుగు కూడా కాదది. నలుచదరంగా కోసి, అంచు చుట్టూ దారంతో కుట్టి, గుడ్డ ముక్క ఒకటి తలుపులా వేలాడదీశారు. మీరే చేసుంటారు, ఏదో పుస్తకంలో చదివి. మీ చిల్లు మీరే పెట్టుకుని నన్ను తిట్టారన్నమాట.

గాస్టన్


ఫోర్ట్ కెంట్
నవంబరు 12

గాస్టన్,

ఏ గుడ్డ? ఏ రంగు? మంచానికి ఏ వైపు కింద?

ఆ ముక్క ఎక్కడుంది?

అంబ్రోజ్


బ్రిస్టల్
నవంబరు 15

బావగారికి,

పసుపు గళ్ళ గుడ్డ. పాత కర్టెన్‌లా ఉంది. దారం బూడిద రంగు ఊలు. కిటికీ వైపు, గోడకి దగ్గరగా. లోపల దూదిని గిన్నెలా నొక్కి, అందులో ఉన్ని దుప్పటి ముక్క పరిచి ఉంది. ఒక రేకు మూత కూడా. అప్పుడు పట్టించుకోలేదు, ఆ కంపులో ఏం పట్టించుకుంటాను. అన్నీ కలిపి సంచుల్లో కుక్కి ఊరి చెత్త డంప్‌లో పడేశాను.

మీరు అడిగిన తీరు చూశాక రెండు రోజులు ఆలోచించాను.

మా చిన్నప్పుడు అక్క ఒక పిల్లిని తెచ్చింది. నాన్న ఇంట్లోకి రానివ్వలేదు. కొట్టం గోడ పలక ఒకటి కోసి, గోనెసంచితో తలుపు కుట్టి, దాన్ని అందులో పెట్టింది. ఆ సందులోంచి గాలొచ్చి దుంపలు గడ్డకట్టాయి. పలక ఎవడు కోశాడని నాన్న అడిగాడు. రంపం నా చేతిలో చూశాడెప్పుడో. నన్నే బెల్టు తీసుకుని బాదాడు. అక్క పొయ్యి దగ్గర నిలబడి ప్లోయ్ అట్లు పోస్తూనే ఉంది. నోరు విప్పలేదు. తర్వాత నాకు రెండు అట్లు ఎక్కువ పెట్టింది.

ఇన్నేళ్ళూ ప్రతి క్రిస్మస్‌కీ నా పళ్ళెంలో మాంసం కూరిన రొట్టె ముక్క అందరికంటే పెద్దది వేసేది. ప్రేమ అనుకున్నాను.

గాస్టన్


ఫోర్ట్ కెంట్
నవంబరు 18

గాస్టన్‌కి,

నీ రొట్టె ముక్క గురించి ఏడవకు. నువ్వు ఏడాదికొక్కసారి మోసపోయావు. నేను రోజూ ఆ మంచం మీదే పడుకున్నాను.

పిల్లులంటే నాకు పడదు. పక్కన ఉంటే ఊపిరాడదు. పెళ్ళికి ముందే చెప్పాను. "పిల్లి లేకపోతే నాకేమైనా అవుతుందా ఏమిటి" అంది. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకున్నాను.

ఆవిడ వైపు నేల ఎప్పుడూ చల్లగా ఉండేది. మేజోళ్ళు రెండు జతలు వేసుకుని పడుకునేది. కింద చూడటానికి మనిషిని పిలుస్తానంటే "ఈ చలిలో ఎవరొస్తారండీ, వసంతం రానివ్వండి" అనేది. వసంతం వచ్చాక "ఇప్పుడు చలి లేదుగా" అనేది. నేను నిన్ను తిట్టడం మొదలుపెట్టగానే నా మోచెయ్యి పట్టుకుని, "పోనీలెండి, గాస్టన్‌ని ఏమీ అనకండి. పాపం వాడికి తెలియక చేశాడు" అనేది. విన్నావా? తెలియక చేశాడట! నిన్ను వెనకేసుకొస్తూనే నీ మెడకి చుట్టింది. చరిత్రలో ఎందరో మంత్రుల గురించి చదివాను. ఇంత చక్కగా పని నడిపినవాడు ఒక్కడూ తగల్లేదు.

శుక్రవారం చేప తిన్నాక, ఆవిడ పళ్ళెంలో తలా తోకా కంటే ఎక్కువే మిగిలేది. చెత్త పారేసి వస్తానని వెళ్ళి చాలాసేపు రాకపోయేది. "అంతసేపేమిటి?" అంటే "చుక్కలు బాగున్నాయండీ" అనేది. మబ్బు పట్టిన రోజు కూడా.

వంటింటి కిటికీకి ఒక పక్కే పసుపు గళ్ళ కర్టెన్ ఉంటుంది, చూసే ఉంటావు. రెండోది ఇస్త్రీలో కాలిపోయిందని చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ కాలిపోయిన కర్టెన్ మీద జాలిపడ్డాను.

నిన్న ఫిలోమెన్‌ని బతిమాలి డంప్‌కి వెళ్ళాను. అంతా మంచు కింద ఉంది. కాపలావాడు వచ్చి "ఏం పోగొట్టుకున్నావు తాతా?" అన్నాడు.

"కర్టెన్."

"కొత్తది కొనుక్కోకూడదూ?"

వాడితో వాదించలేదు. నీతో వాదిస్తాను. ఒకరి ఇంటి కింద దొరికిన వస్తువు, కుట్టు కనబడుతున్న వస్తువు, సంచిలో కుక్కే ముందు ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడాలని నీకెందుకు తట్టలేదు? పిల్లేమైందో కూడా నాకు తెలియదు. ఆవిడ పోయిన ఆ చలికాలం ఎవరికోసం ఎదురుచూసిందో.

గడువు థాంక్స్‌గివింగ్, వచ్చే వారం గురువారం. నిన్ను పిలవడం లేదు. కానీ ఎవడైనా వస్తే పట్టా, దూది తెచ్చుకోవాలి. సలహాలు తెచ్చుకోనక్కర్లేదు.

అంబ్రోజ్


ఫోర్ట్ కెంట్
డిసెంబరు 8

గాస్టన్‌కి,

నీళ్ళు వస్తున్నాయి. ఈ వాక్యం ముందే రాసేస్తే, తర్వాత నీ గురించి రాయాల్సినవి నిశ్చింతగా రాయొచ్చు.

పండగ ముందు బుధవారం థెరియో వచ్చి కుళాయి తిప్పి, గ్లాసు పట్టి, రుచి చూసి "తుప్పు వాసన" అంది. ఇంకా నిలబడే ఉంది. "తాళం తెచ్చావా?" అన్నాను. "తెచ్చాను. ఇక దీంతో ఏం చేసుకోను?" అంటూ పోయింది. ఆవిణ్ణి నిరాశపరిచిన కీర్తి నీకు కూడా కొంత ఇస్తాను.

పిలవకపోయినా వచ్చి నువ్వు పనిచేసిన రెండు రోజులూ రేకు పక్కన కుర్చీ వేసుకుని నేను అరవకపోతే, మళ్ళీ దూదిని పైకే తోసేవాడివి. "పైపు కింద నుంచి! పైపు కింద నుంచి!" అని నేను, "తెలుసు బావా, చెవులున్నాయి!" అని నువ్వు. ఫిలోమెన్ కిటికీ తెరిచి, "మీరిద్దరూ అన్నదమ్ములా?" అని అడిగింది. ఇద్దరం ఒకేసారి కాదన్నాం. నీతో నేను ఏకీభవించింది ఆ ఒక్కసారే.

నీ మొదటి పట్టా విప్పినప్పుడు నా టార్చిలైటు దూది మధ్యలోంచి నీ మొహం మీద పడింది. నీకు మూడున్నాయన్నావు. నాలుగోది నాదే.

ఇక అసలు సంగతి. పడకగది కింద ఆ చోట ఒక చదరం వదిలెయ్యమన్నాను. నువ్వు సుత్తి కింద పడేశావు. "చిల్లు పెట్టిన ఇన్సులేషన్ నా చేతులతో వెయ్యను. ముప్ఫై ఏళ్ళలో వెయ్యలేదు. ఆ చిల్లు కోసం ఇన్నేళ్ళు మీ నోట పడ్డాను, మళ్ళీ అదే చిల్లు పెట్టమంటారా?" అన్నావు. "ఇల్లు నాది" అన్నాను. "అక్క నాది" అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. వండిన కోడి పులుసు ముట్టకుండా, పట్టా గట్టిగా కట్టేసి, కారెక్కి పోయావు. పులుసు నాలుగు రోజులు తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, నీ అదృష్టం.

డాక్టరు వంగొద్దన్న గడువు ఇంకా తీరలేదు. ఎవరి మాటా విననివాణ్ణి వాడి మాట ఎందుకు వినాలి? సోమవారం ఎండ వచ్చింది. రేకు విప్పి, దేకుతూ వెళ్ళి, రొట్టె కోసే కత్తితో నీ కొత్త పట్టా కోశాను. పని బాగానే చేశావు, కత్తి దిగడానికి చాలాసేపు పట్టింది. దూదిని పిడికిలితో గిన్నెలా నొక్కాను. వంటింటి కిటికీకి మిగిలిన ఆ ఒక్క కర్టెన్ తీసి, మీ అక్క కుట్టుపెట్టెలోని బూడిద రంగు ఊలుతో అంచు కుట్టాను. వంకరగా వచ్చింది. చేతులు కొంకర్లు పోయాయి. వెలుతురు చాలక టార్చిలైటు పళ్ళతో పట్టుకున్నాను. బయటికొచ్చాక ఫిలోమెన్ చూసి, "ఏమండీ, మతి గానీ పోయిందా!" అంది. నీకు ఫోన్ చేస్తుందేమో. చేస్తే నమ్మకు. వచ్చి మూసేద్దామని మాత్రం చూడకు. ఈసారి కోసింది నేనేనని ఊరంతటికీ చెప్పాను. నిన్ను తిట్టడానికి నా దగ్గర వేరే కారణాలున్నాయి.

మొన్న శుక్రవారం చేపలో సగం రేకు మూతలో పెట్టి ఆ చిల్లు దగ్గర ఉంచాను. శనివారం పొద్దున చూస్తే అలాగే గడ్డకట్టి ఉంది. పిల్లి రాలేదు. కిటికీకి కర్టెన్ లేక వంటింట్లోకి మంచు వెలుతురు సూటిగా పడుతోంది, చదవడానికి బాగుంది.

ఆవిడ వైపు నేల మళ్ళీ చల్లబడింది. మేజోళ్ళు రెండు జతలు వేసుకుని ఆ వైపే పడుకుంటున్నాను.

నీ బావ,
అంబ్రోజ్